ఎక్కడ నిలబడి తీశారు

"కాటా దగ్గర కూర్చునేవాడికి కెమెరా ఎందుకయ్యా?" అని మామగారు కనిపించిన ప్రతివాడినీ అడిగేవాడు. అడగడమే తప్ప జవాబు కోసం ఆగే అలవాటు ఆయనకు లేదు. అడిగి, తనే నవ్వేసి, పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఇంకో శ్రోతను వెతుక్కుంటూ వెళ్లిపోయేవాడు. పోనీ అల్లుడైనా జవాబు చెప్పేవాడా అంటే, అతను నోట్లో నాలుక లేని మనిషి. తల వంచుకుని చీటీల కట్ట సర్దుకునేవాడు.

కాటా అంటే పచారీ కొట్లో తక్కెడ అనుకునేరు. ఇది లారీలను తూచే కాటా. నేలలో గొయ్యి తీసి, దాని మీద లారీ మొత్తం పట్టేంత ఇనపబల్ల పరిచి ఉంటుంది. సరుకుతో వచ్చిన లారీని ఒకసారి తూస్తారు, సరుకు దించాక ఖాళీ లారీని ఇంకోసారి తూస్తారు, తేడా ఎంతో సరుకు బరువు అంత. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది అనిపిస్తుంది. నిజమే, ఏమీ లేదు. కానీ డ్రైవర్లలో కొందరు గడుసువాళ్లుంటారు. ఒక్క చక్రాన్ని బల్ల అంచు దాటించి ఆపుతారు, ఆపి ఏమీ ఎరగనట్టు చెవిలో పుల్ల పెట్టుకుని తిప్పుకుంటూ కూర్చుంటారు. అంకె మారిపోతుంది. అందుకని ఎర్ర అంకెలు నిలకడగా నిలిచేదాకా, చీటీ అచ్చయి బయటికొచ్చేదాకా, కాటా గదిలో మనిషి కిటికీలోంచి చక్రాల మీద చూపు తిప్పకూడదు. ఆ చూపు తిప్పకూడని మనిషి గురించే ఈ కథంతా. డ్రైవర్లు అతన్ని కాటాయన అంటారు. వేరే పేరుతో పిలిచి చాలా కాలమైంది కాబట్టి మనమూ అదే అందాం.

పెళ్లికి ముందు కాటాయన బస్సు కండక్టరు. రోజంతా నిలబడే ఉద్యోగం. నిలబడి, ఊగుతూ, జనాన్ని తోసుకుంటూ ఊళ్లకు ఊళ్లు దాటి వచ్చేవాడు. పెళ్లయిన కొత్తలో మామగారికి మోకాలు వాచింది. "ఒక్క నెల కూర్చో అల్లుడూ, మోకాలు కుదురుకోగానే నేను చూసుకుంటా" అన్నాడు. నెల అన్నది ఏడాది అయింది, ఏడాది అన్నది ఏళ్లయింది. బస్సువాళ్లు వేరేవాణ్ని పెట్టేసుకున్నారు. మోకాలు శుభ్రంగా కుదురుకుంది. ఇప్పుడు ఆయన మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. ఎక్కి, నలుగురూ ఉన్నప్పుడు చూసి, "పరాయివాణ్ని కాటా దగ్గర కూర్చోబెడితే కొంప మునుగుతుంది. మా అల్లుడు బంగారం" అంటాడు. తిట్టేవాడికైతే ఎదురు తిరగొచ్చు. పొగిడేవాణ్ని ఏం చేస్తాం?

కాటా గది గురించి కూడా చెప్పుకోవాలి. గది అనడానికి నోరు రాదు గానీ వేరే మాట లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, అంకెలు చూపించే పెట్టె, చీటీలు అచ్చేసే మిషను, తిరగడం కన్నా మూలగడం ఎక్కువ చేసే ఫ్యాను. ఎదురుగా కిటికీ. దుమ్ము రాకుండా కిటికీకి అద్దం బిగించేశారు, తెరవడానికి లేదు. కింద చీటీ అందించడానికి మాత్రం చెయ్యి పట్టేంత సందు ఉంది. ఎప్పుడో టైరు కింద నలిగిన రాయి ఎగిరివచ్చి తగిలి, అద్దానికి పైమూల నుంచి ఏటవాలుగా ఒక గీత పడింది. అద్దం మార్పిద్దామని కాటాయన అడిగితే మామగారు, "అందులోంచి వాన వస్తోందా? గాలి వస్తోందా? మరి ఎందుకు?" అన్నాడు. గది పైనే ఇల్లు. ఎక్కితే ఇల్లు, దిగితే కాటా. తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా, ఆదివారంతో సహా, వెలుతురున్నంతసేపూ అతను ఆ కుర్చీలోనే. భోజనం కూడా పైనుంచి భార్య పట్టుకొస్తే అక్కడే.

కెమెరా బావమరిదిది. అతను కొత్త ఫోను కొనుక్కుని పాత కెమెరా అలమరలో పడేసి వేరే ఊరు వెళ్లిపోతే, అలమర సర్దుతూ భార్య పట్టుకొచ్చి ఇచ్చింది. "ఊరికే పాడైపోతుంది, మీ దగ్గర ఉంచుకోండి. లారీ రానప్పుడు ఏదో ఒకటి నొక్కుకోవచ్చు" అంది. లారీ రానప్పుడు నొక్కడానికి ఏముంది, ఖాళీ ఇనపబల్ల. లారీ వచ్చినప్పుడే ఉంది సంగతి. లారీ బల్ల మీద ఆగిందంటే డ్రైవరు సీటు సరిగ్గా అతని కిటికీకి ఎదురుగా వస్తుంది. చీటీ అచ్చయ్యాక, డ్రైవరు దాన్ని చూసుకుని మడిచి జేబులో పెట్టుకునే ఆ కాస్త వ్యవధిలో కాటాయనకు చక్రాలతో పనుండదు. అప్పుడు నొక్కేవాడు. చీటీ కోసం చాచిన చెయ్యి, గోళ్ల కింద గ్రీజు. డ్రైవరు ఒళ్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న కుక్కపిల్ల. ఇల్లు మారుతున్నవాళ్ల సామాను మీద కుర్చీ వేసుకుని, ఊరంతా తనదే అన్నట్టు కూర్చున్న ముసలావిడ. ఇంకాసేపట్లో ఇల్లు చేరతాననగా పక్కద్దంలో చూసుకుని తల దువ్వుకుంటున్న మొరటు మీసాలవాడు. 

వాటిని ప్రింటు వేయించడానికి చీకటిపడ్డాక ప్రెస్సుకి వెళ్లేవాడు. ప్రెస్సు యజమానికీ ఇదే పిచ్చి. మీసాలవాడి బొమ్మ చూసి చాలాసేపు కింద పెట్టలేదు. "ఎవరు తీశారండీ ఇది? మీరా? ఇక్కడేం చేస్తున్నారు మీరు, మా గదికి రండి" అన్నాడు.

వాళ్ల గది అంటే డ్రాయింగు టీచరమ్మ ఇంటి ముందుగది. ఆవిడ ఉద్యోగం మానేశాక మొదలుపెట్టింది. నెలకో ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి జనం చేరేవారు. ప్రెస్సాయన, గడియారాలు బాగుచేసే ఆయన, ఒక నర్సు, ఒక లెక్చరరు, ఇంకో ఇద్దరు ముగ్గురు. ఎవరూ ఫొటోలు తీసి పొట్టపోసుకునేవాళ్లు కాదు. ఒక్కొక్కరూ ఒక్క బొమ్మ, కాగితం మీద వేయించి తెచ్చుకోవాలి. దాన్ని చేతులు మారుస్తూ అందరూ చూస్తారు. ఒక చుట్టు తిరిగేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. తిరిగాక టీచరమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: "ఎక్కడ నిలబడి తీశారు?"

వేరే ప్రశ్న లేదు. ఎందుకని అంటే ఆవిడ, "బొమ్మలో ఏముందో మాకు కనిపిస్తూనే ఉంది. మీరెక్కడున్నారో అదొక్కటే కనపడదు. అది చెప్పండి చాలు, కథ దానంతటదే వస్తుంది" అనేది. నిజంగానే వచ్చేది. నర్సు ఆసుపత్రి మేడ మీద బట్టలారేసే తీగల మధ్య నిలబడ్డానని మొదలుపెట్టి, ఆరేసిన దుప్పట్లలో ఒకటి ఎవరిదో, ఆ మనిషి ఎలా కోలుకుని ఇంటికెళ్లాడో దాకా చెప్పుకొచ్చింది. గడియారాలాయన మోకాటిలోతు నీళ్లలో నిలబడ్డాడట, చెప్పులు కొట్టుకుపోయాయట, ఇంటికి ఉత్తకాళ్లతో వెళ్తే భార్య లోపలికి రానివ్వలేదట. అందరూ పడిపడి నవ్వారు.

కాటాయన వంతు వచ్చింది. మీసాలవాడి బొమ్మ చుట్టు తిరిగింది. "ఎక్కడ నిలబడి తీశారు?" అంది టీచరమ్మ.

అక్కడున్నవాళ్లందరూ ఎక్కడో ఒకచోట నిలబడినవాళ్లే. నేను నిలబడలేదండీ, కుర్చీలో కూర్చుని తీశాను, ఏళ్ల తరబడి అదే కుర్చీ అని ఎలా చెప్తాడు? సిగ్గేసింది. బొమ్మ తీసిన రోజు ఆ మీసాలవాడు చీటీ తీసుకుంటూ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. "కొండదారిలో, మలుపు దగ్గర" అనేశాడు. "టైరు పేలింది. బాగుచేసుకుని బయల్దేరబోతున్నాడు. నేను రోడ్డుకి ఈ పక్కన నిలబడ్డాను. కింద లోయంతా పొగమంచు." అవన్నీ మీసాలవాడి మాటలు. టీచరమ్మ కళ్లు మూసుకుని విన్నది. కండక్టరు పని పోయిన తరవాత అతని మాటను అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు.

ఒక అబద్ధంతో ఆగితే ఈ కథ ఉండేదే కాదు. డ్రైవర్లకు మాటలు కావాలి, కాటాయనకు చోట్లు కావాలి. "ఎక్కణ్నుంచి అన్నా?" అని అడిగితే చాలు, వాళ్లు వంతెనలూ వాగులూ రేవులూ రాత్రంతా లారీలు ఆగిపోయిన దారులూ అన్నీ సందులోంచి లోపలికి పోసేసి వెళ్లేవారు. ఆ నెల బొమ్మకి అందులో ఏది అతుకుతుందో అది అతికించేవాడు. గదిలోవాళ్లు అతనికి సంచారి అని పేరు పెట్టారు. "మన సంచారి ఈసారి ఏ దేశం తిరిగొచ్చాడో" అనేవాడు ప్రెస్సాయన. ఇంటికి వెళ్తూ దారిలో ఆ పేరు తనలో తనే అనుకుని మురిసిపోయేవాడు. మర్నాడు కుర్చీలో కూర్చున్నాక అదే పేరు గుర్తొస్తే ఏడుపొచ్చేది.

చిక్కల్లా ఆ గీతతో వచ్చింది. ప్రతి బొమ్మలోనూ పైమూల నుంచి ఏటవాలుగా ఒక గీత. ఒక్కోసారి పదునుగా, ఒక్కోసారి మసగ్గా. "లెన్సు మీద గీత పడినట్టుంది, మార్పించండి" అంది నర్సు. "ఇంత తిరిగే మనిషి కెమెరాకి గీతలు పడవా ఏంటి" అని ప్రెస్సాయన వెనకేసుకొచ్చాడు. గడియారాలాయన మాత్రం బొమ్మను దీపం దగ్గర పెట్టి, కన్ను చికిలించి, "లెన్సు మీద గీత ఇలా పడదే" అన్నాడు. కాటాయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఎవరూ మళ్లీ అడగలేదు. మంచివాళ్లు, అనుమానించడం చేతకాదు.

అలాంటి ఒక సాయంత్రం ప్రెస్సాయన అసలు కబురు చెప్పాడు. "ఒక రవాణా కంపెనీవాళ్లు క్యాలెండరు వెయ్యమన్నారు. వాళ్ల లారీల్లోనే ఊళ్లు తిరిగి, దారిపొడుగునా బొమ్మలు తియ్యాలి. నెలలు పడుతుంది. నచ్చితే ఏటేటా ఇదే పని ఇస్తామంటున్నారు. జీతం కూడా ఉంది. మన సంచారిని మించినవాడు నాకు కనపళ్లేదు. ఏమంటారు?"

ఏమంటాడు? ఆ రాత్రి అతను మెట్లు ఎక్కలేదు, ఎగిరాడు. భార్యకు చెప్పాడు. ఆవిడ చేతిలో పని ఆపి విన్నది. "మీకు వెళ్లాలనుందా?" అంది.

"ఉంది. చచ్చేంత ఉంది."

"అయితే నాన్నని అడగండి. ఇన్నేళ్లలో మీకోసమని మీరు ఏదీ అడగలేదు. అడిగితే కదా తెలిసేది."

అడగడానికి అతనికి వారం పట్టింది. ఒక మధ్యాహ్నం మామగారు కాటా పక్కన రేకుల నీడలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంటే, చీటీల కట్ట చేతిలో పట్టుకునే వెళ్లి నిలబడి, కిందా మీదా పడి చెప్పాడు. మామగారు కేకలేస్తాడనుకున్నాడు. ఆయన పేపరు మడిచాడు.

"ఎన్ని నెలలు?"

"నాలుగైదు."

"నువ్వు వెళ్తే కాటా?"

"ఎవర్నైనా పెట్టుకుంటే..."

"ఊఁ. ఎవరా పెద్దమనిషి? ముక్కూ మొహం తెలీనివాళ్లతో మా అమ్మాయి మొగుణ్ని ఊళ్ల మీదికి పంపమంటావా? ఓసారి రమ్మను. మాట్లాడతా. మనిషి నచ్చితే అప్పుడు చూద్దాం."

ఇది కాదనడం కాదు. ఔననడానికి బాగా దగ్గర. కాటాయన సంబరం ఒక్క క్షణమే. ఆ పెద్దమనిషి ఇక్కడికొస్తే సంచారి బండారం బయటపడుతుంది. కొండదారులూ రేవులూ అన్నీ ఈ ఇనపబల్ల మీదే అని తెలిసిపోతుంది. పిలవకపోతే పని పోతుంది. రెండు రోజులు నిద్ర లేదు. ఆఖరికి, పరువు పోతే పోయింది, కాలు బయట పడితే చాలు అనుకుని పిలిచాడు. కాటా మా మామగారిదే, నేను పగలు కాస్త సాయంగా ఉంటాను అని మాత్రం చెప్పాడు. మేడ మీద కూర్చోబెట్టి, మాట్లాడించి, పంపేద్దామని అతని ఎత్తు.

ప్రెస్సాయన ఒక్కడే వస్తాడనుకుంటే టీచరమ్మనూ గడియారాలాయననూ వెంటబెట్టుకొచ్చాడు. మామగారు ఎదురెళ్లాడు. పెద్దమనుషులు ఇంటికొస్తే ఆయన ఆగుతాడా? "ముందు మా కాటా చూడండి, తరవాత పైకి వెళ్దాం. చుట్టుపక్కల ఇంత నిక్కచ్చి కాటా ఇంకోటి లేదు" అంటూ తిన్నగా గదిలోకే తీసుకొచ్చాడు. బల్ల మీద లారీ ఉంది. కాటాయన లేవడానికి లేదు, చూపు తిప్పడానికి లేదు. వెనకాల నలుగురి ఊపిరి వినిపిస్తోంది. చీటీ అచ్చయింది. డ్రైవరు చెయ్యి సందు దగ్గరికి వచ్చింది, గోళ్ల కింద గ్రీజుతో.

"కాస్త లేస్తారా?" అంది టీచరమ్మ.

లేచాడు. ఆవిడ అతని కుర్చీలో కూర్చుంది. కూర్చుని, బొమ్మలు తీసేవాళ్లందరికీ ఉండే అలవాటు కొద్దీ, ఒక కన్ను మూసి చూసింది. డ్రైవరు సీటు. పక్కద్దం. వాటన్నిటి మీదుగా పైమూల నుంచి ఏటవాలుగా గీత.

"లెన్సు మీద కాదన్నమాట" అన్నాడు గడియారాలాయన మెల్లగా.

కాటాయన చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయిందండీ" అన్నాడు. "నేనెక్కడికీ వెళ్లలేదు. ఆ కబుర్లన్నీ డ్రైవర్లవి. బొమ్మలు మటుకు ఇక్కడే తీశాను."

"అన్నీనా?"

"అన్నీ."

ఛీ కొడతారనుకున్నాడు. గెంటేస్తారనుకున్నాడు. వాళ్లు ఛీ కొట్టి ఉంటే ఎంత బావుండేదో తరవాత చాలాసార్లు అనుకున్నాడు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. "మేం చెప్పులరిగేలా తిరుగుతాం ఒక్క బొమ్మ కోసం" అంది. "ఈయన లేవకుండానే, ఈ కాస్త అద్దంలోంచి... ఎంత పెద్ద విషయం ఇది." గడియారాలాయన గీతను వేలితో తడిమి చూశాడు, ఏదో పవిత్రమైన వస్తువు అన్నట్టు. ప్రెస్సాయన మొహం వెలిగిపోయింది. "ఆగండాగండి. రోడ్ల బొమ్మలతో క్యాలెండరు ఎవడైనా వేస్తాడు. ఒకే కిటికీ, ఏడాది పొడుగునా లోకమంతా దాని ముందుకే వస్తుంది. కంపెనీవాళ్లు ఎగిరి గంతేస్తారు. ఈయన్ని ఇక్కణ్నుంచి కదిలిస్తే పాపం తగులుతుంది."

"నాకు వెళ్లాలనుందండీ" అన్నాడు కాటాయన.

అన్నాడు, నిజంగా అన్నాడు. గొంతు బయటికొచ్చింది కూడా. టీచరమ్మ నవ్వి, ఎంతో ఆప్యాయంగా, "ఎందుకండీ, ఇలాంటి కిటికీ పెట్టుకుని ఎక్కడికి వెళ్తారు?" అంది. అతను ఇంకో మాట అనేలోపు బయట హారను మోగింది. ఇనుప ఊచల లారీ బల్ల మీదికి ఎక్కుతోంది. "అల్లుడూ, బండి" అన్నాడు మామగారు. టీచరమ్మ గబగబా కుర్చీ ఖాళీ చేసింది.

కూర్చున్నాడు. వెనక చక్రం అంచు మీద ఉంది. చెయ్యి ఊపి ముందుకి రమ్మన్నాడు. డ్రైవరు ముందుకి తెచ్చాడు, ఎక్కువ తెచ్చాడు, మళ్లీ వెనక్కి. ఎర్ర అంకెలు ఊగుతున్నాయి. వీపు వెనక మాటలు నడుస్తున్నాయి. బొమ్మల కింద కాటా పేరు వేద్దామంటున్నాడు ప్రెస్సాయన. వేస్తే పెద్దక్షరాలతో వెయ్యమంటున్నాడు మామగారు. వచ్చే ఏటి క్యాలెండరుకి ఊళ్లు తిరిగే పనికి లెక్చరరుగారిని అడుగుదాం, ఆయనకి సెలవు దొరుకుతుంది అంటున్నాడు గడియారాలాయన. ఆ గీత అలాగే ఉండాలి, అద్దం మాత్రం మార్చకండి అంటోంది టీచరమ్మ. మారుస్తామా అమ్మా, ఇన్నాళ్లూ అందుకేగా మార్చంది అంటున్నాడు మామగారు, ఒక్క అక్షరం తడబడకుండా. అంకెలు నిలిచాయి. చీటీ అచ్చయింది. కాటాయన దాన్ని సందులోంచి అందించి వెనక్కి తిరిగేసరికి అంతా తేలిపోయింది. నలుగురూ అతన్నే చూస్తున్నారు, ఎంతో మేలు చేసినవాళ్ల మొహాలతో.

ఇక్కడే మనకు ఒళ్లు మండుతుంది. కాదు, నేను ఒప్పుకోను అని ఒక్క కేక వేస్తే పోయేది. వెయ్యలేదు. అంత ప్రేమగా చూస్తున్న మొహాల మీద కేక ఎలా వెయ్యాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

క్యాలెండరు వచ్చింది. బావుంది, కాదనలేం. మామగారు కట్టలకొద్దీ తెప్పించి డ్రైవర్లకు పంచాడు. భార్య ఒకటి వంటింట్లో తగిలించింది, ఇంకోటి పుట్టింటి తరపు బంధువులకు పంపింది. లెక్చరరు ఊళ్లన్నీ తిరిగి నల్లబడి, బక్కచిక్కి, కళ్లు మెరుస్తూ గదికి వచ్చాడు. ఎక్కడ నిలబడి తీశారు అంటే కొండదారిలో మలుపు దగ్గర అన్నాడు. కింద లోయ, పొగమంచు. అన్నీ నిజంగా ఉన్నాయట. కాటాయన ఆ బొమ్మను చేతికి వచ్చినంతసేపూ చూసి పక్కవాళ్లకు అందించాడు.

ఇక కిటికీ సంగతి. క్యాలెండరు చూసిన డ్రైవర్లు మారిపోయారు. బల్ల ఎక్కకముందే తల దువ్వుకునేవాళ్లు, చొక్కా గుండీలు పెట్టుకునేవాళ్లు, చీటీ అందుకుంటూ అద్దం వైపు తిరిగి పళ్లు ఇకిలించేవాళ్లు. "అన్నా, మనదీ వేస్తావా?" ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేసినట్టే అయింది. తీసేవాడు, తియ్యమంటే కాదనలేడు కదా. గదికి ఏది పట్టుకెళ్లినా గీత ఉంటే చాలు, ఆహా అనేవారు. టీచరమ్మ అతని వంతు వచ్చినప్పుడు ప్రశ్న మానేసింది. "తెలిసిందేగా" అని నవ్వి, బొమ్మను పక్కన పెట్టి, తరవాతివాళ్ల వైపు తిరిగేది. అందరినీ అడిగే ఆ ఒక్క మాటా అతన్ని అడగడం లేదు. మొదటిసారి ఆ ప్రశ్నకు సిగ్గుతో అబద్ధమాడిన మనిషి, ఇప్పుడు ఆ ప్రశ్న కోసం మొహం వాచిపోయాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం లారీల రద్దీ తగ్గింది. మామగారు పైన కునుకు తీస్తున్నాడు. కాటాయన కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు. కెమెరా మెడలో వేసుకుని, తలుపు చేరవేసి, ఇనపబల్ల దాటి, రోడ్డు దాటి, అవతల మూతపడిన మెకానిక్కు షెడ్డు ముందుకి వెళ్లి నిలబడ్డాడు. పగటివెలుతురులో ఆ గదిని బయటినుంచి చూసి ఎన్నేళ్లయిందో. ఇంత చిన్నదా అనిపించింది. కిటికీ ఇక్కడికి అరచేయంత ఉంది. గీత కనపడటం లేదు. అద్దం వెనక కుర్చీ వీపు కనిపిస్తోంది, ఖాళీగా. అలా నిలబడటం బావుంది. ఒక్కటి నొక్కాడు. మలుపులో హారను వినిపించింది. పరుగెత్తుకెళ్లి కూర్చున్నాడు.

ఆ నెలంతా జవాబు తయారు చేసుకున్నాడు. "రోడ్డుకి అవతల నిలబడి తీశానండీ." ఇంతే. కథ కూడా దానంతటదే వస్తుంది, చెప్పనిస్తే.

ఆదివారం బొమ్మ చేతులు మారింది. నర్సు చూసి పక్కకి ఇచ్చింది. గడియారాలాయన వెనక్కి తిప్పి చూసి, "ఇది ఎవరిది? గీత లేదే" అన్నాడు. "నాదే" అన్నాడు కాటాయన. "అయ్యో, మీది తెచ్చుకోలేదా ఈసారి?" అంది టీచరమ్మ. ప్రెస్సాయన తల పంకించి, "బానే ఉందండీ, కానీ ఇలాంటిది ఎవరైనా తీస్తారు. మీరు మీ కిటికీని వదలొద్దు" అని భుజం తట్టాడు. టీచరమ్మ వైపు చూశాడు కాటాయన. ఆవిడ నోరు తెరిచింది, అడుగుతుందనుకున్నాడు. "తరవాత ఎవరు?" అంది.

ఇంటికొచ్చి బొమ్మను బల్ల మీద పడేసి కూర్చున్నాడు. అన్నం వడ్డించడానికి వచ్చిన భార్య చేతులు తుడుచుకుని దాన్ని తీసింది. దీపం కిందికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"ఇది మెకానిక్కు షెడ్డు ముందు నిలబడి తీసిందే కదా?"

కాటాయన తలెత్తాడు. "అవును" అన్నాడు. ఇంకా చెబుదామనుకున్నాడు. ఎండ గురించి, అలా నిలబడటం గురించి, గది ఎంత చిన్నదిగా ఉందో దాని గురించి.

"మరి అప్పుడు కాటా దగ్గర ఎవరున్నారు?"

అతను కంచం ముందుకు లాక్కున్నాడు. ఆవిడ బొమ్మను మళ్లీ చూసింది, ఖాళీ కుర్చీ ఉన్న చోట. కోపం లేదు ఆవిడ మొహంలో. "నాన్నకి చూపించకండి" అంది. అలమర తెరిచి, మడత పెట్టిన బట్టల కింద దాన్ని దాచి, తలుపు వేసింది. అన్నం వడ్డిస్తూ అంది:

"ఈసారి వెళ్లేటప్పుడు నన్ను పిలవండి. మీరు తిరిగొచ్చేదాకా నేనొచ్చి కూర్చుంటా. ఎంతసేపైనా సరే."

అతను అన్నం కలుపుతూ ఆగిపోయాడు. కళ్ల ముందు కనపడింది: మెకానిక్కు షెడ్డు ముందు తను నిలబడి ఉన్నాడు, అవతల అరచేయంత అద్దం వెనక, ఒక్క నెల అని తను కూర్చున్న ఆ కుర్చీలో, చక్రాల మీంచి చూపు తిప్పకుండా ఆవిడ కూర్చుని ఉంది.

"సరే" అన్నాడు. ఆ తరవాత అతను ఎప్పుడూ రోడ్డు దాటలేదు.